పడకవంతు

గ్రీష్మర్తువున చండకిరణుడు నడినెత్తికెక్కి కృష్ణానదీసైకతమును మంగలమువలె క్రాచుచుండ, ఇంద్రకీలాద్రి శిలాతలములనుండి వెడలిన వేడియూర్పులు వన్‌టౌను సందులగుండ దిగివచ్చి ఏలూరు రోడ్డున తారును మెత్తబరచుచుండ, వర్తకులు దుకాణముల తలుపులు సగము దింపి చాపలపై నొరగియుండ, పశుపక్ష్యాదులు సైతము నీడవిడిచి యడుగు పెట్టకుండ, విజయవాటికాపురమున నొక్కజాతి జనులు మాత్రమే వీథులలో తిరుగుచుండిరి. వారు వీపున చతురస్రమగు సంచులు దాల్చి ద్విచక్రశకటముల నధిరోహించి పరుల యాకలి తీర్చుటకై తమ యాకలిని వాయిదా వేసికొని పరువిడు అన్నవాహకులు. బెజవాడ యెండకు భయపడనివాడు లేడందురు. వీరికి భయపడుటకు తీరిక లేదు.

వీరిచేత పనిచేయించుకొను సంస్థకు ఆ నగరమున గుమ్మము లేదు, గుమ్మమున నిలిచి పలుకరించుటకు గుమాస్తాయు లేడు. అది చరవాణిలో నివసించును. చరవాణిలోనే యాజ్ఞాపించును, చరవాణిలోనే యలుగును. తన పనివారిని అది పనివారనదు, పార్టనర్లనును. పేరు పెద్ద, ఊరు దిబ్బ యను సామెతను మన పూర్వులు ఈ పదమును ముందుగనే యూహించి పలికిరేమోయని నాకొక సందేహము. లాభమున భాగమును, నిర్ణయమున మాటయు లేక, ఎండయందు మాత్రము సంపూర్ణమైన హక్కు గల భాగస్వామ్యమది.

అట్టి పార్టనర్లలో సలోమి యొకతె. అజిత్‌సింగ్ నగరమున వృద్ధుడగు తండ్రి ఏసోబుతోను, బడికి పోవు కూతురితోను కాపురముండి, స్కూటరుపై అన్నపు పొట్లములు చేరవేసి యిల్లు గడుపుచుండెను. ఆనాటి మధ్యాహ్నమున నామె పటమటవైపు బిరియాని కొనిపోవుచుండగా వెనుకనుండి వచ్చిన లారి యొకటి యొరసికొని పోయెను. శకటము ఒరిగెను, ఆమె కుడికాలి యెముక విరిగెను. దుమ్ములో పడియున్న యామె చరవాణి "పార్టనర్, మీ ఆర్డరు ఆలస్యమవుతోంది" అని తెరపై వెలుగుచుండెను. "అమ్మా, ఎక్కడ తగిలింది?" అని యడిగినవాడు మాత్రము ప్రక్కనున్న చెరకురసపు బండివాడు.

వైద్యులు కాలిలో కమ్మి వేసి, కొన్ని నెలలకు మరల శస్త్రచికిత్స చేయవలెననియు, లేనిచో కాలు వంకరగా నతుకుకొనుననియు చెప్పిరి. సంస్థవారు తమ పార్టనర్లకు ప్రమాదబీమా యొకటి యేర్పరచియుండిరి. పనిలో గాయపడినవారికి వైద్యవ్యయమును, పడకనుండు కాలమునకు భృతియు నిత్తురు. ఇది వినుటకు చల్లగనే యున్నది. కాని కొంతకాలము పనిలోనికి రానివారి ఐడీ, అనగా ఆ యంత్రమున వారికి గల యునికి, తనంత తానే మూతపడునట. మూతపడిన ఐడీకి బీమా వర్తింపదట. కాలు విరిగినదని భృతి పొందవలెనన్నచో కాలు విరుగనట్లు తిరుగుచుండవలెనన్నమాట. ఈ తర్కమును రచించిన మేధావి యెవ్వరో కాని, వాని కాళ్లు చిరకాలము క్షేమముగా నుండుగాక!

సలోమితోడి యన్నవాహకులు మస్తాన్‌వలీ, తిరపతయ్య యను నిరువురు ఆమెను చూడవచ్చి ఈ నియమమును తలచుకొని తలలు పట్టుకొని కూర్చుండిరి. అప్పుడు మంచము ప్రక్కనున్న ఏసోబు తన పూర్వకాలమును వారికి చెప్పనారంభించెను.

ఏసోబు యౌవనమున రైలుస్టేషను ఎదుట రిక్షా త్రొక్కినవాడు. ఆహా, ఆ కాలము! మదరాసు మెయిలు దిగిన జనసందోహము వెల్లువవలె వెలికి వచ్చునపుడు బారులు తీరిన రిక్షాల గంటల గణగణధ్వనులును, గాలికి రెపరెపలాడు టాపులును, పెట్టెలు బేడలు నెత్తికెత్తుకొనిన కూలీల కేకలును, మల్లెపూల బుట్టలనుండి వెడలు పరిమళమును కలిసి ఆ స్థలమునకు నిత్యోత్సవశోభ చేకూర్చుచుండెను. పేదరికము లేదని నేననను. చిరిగిన బనియన్లును, కాయలు కాచిన యరికాళ్లును ఆ శోభలోనివే. అయినను ఆ స్టాండునకొక ధర్మముండెను. దానిపేరు వంతు. ముందు వచ్చినవానిది ముందు బేరము. ఎంతటి కండబలము గలవాడైనను వంతు తప్పి చక్రము కదలింపరాదు.

ఆ వంతులలో పడకవంతు అనునది యొకటి. స్టాండులోని వాడెవడైన జబ్బుపడినచో వాని రిక్షా ఇంటనున్నను వాని వంతు స్టాండులోనే యుండును. ఆ వంతు వచ్చినపుడు వేరొకడు బేరమునెత్తుకొని, "అయ్యా, తమరు ఏసోబు బేరం, నేను తొక్కుతున్నానంతే" అని యెక్కినవారికి చెప్పి త్రొక్కును. వచ్చిన కూలి సాయంకాలమునకు రోగి యింటికి చేరును. తెచ్చినవానికి ఇల్లాలు మంచినీళ్లిచ్చును కాని కృతజ్ఞతలు చెప్పదు. చెప్పినచో వాడు నొచ్చుకొనును. తనది కాని దానికి దండమేల యని వాని భావము.

"నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా సలోమి పాలు తాగే పిల్లరా," అని ఏసోబు చెప్పెను. "మా ఇంట్లో పొయ్యి ఒక్క పూట ఆరలేదు. ఎవరి దయా కాదు, నా వంతే నన్ను సాకింది."

మస్తాన్‌వలీ తలయెత్తి, "అయితే సలోమక్క వంతు మేం తోలతాం బాబాయ్," అనెను. "అక్క ఫోను మా దగ్గరుంచుకుని పొద్దున్నే తెస్తాం. అక్క ఒక్కసారి మొహం చూపిస్తే ఐడీ తెరుచుకుంటుంది. ఆ తర్వాత అదేమీ అడగదు."

అట్లే జరిగెను. ప్రతిదినము ప్రాతఃకాలమున చరవాణి సలోమి పడకయొద్దకు వచ్చును. ఆమె తల దువ్వుకొని, నొప్పిని పెదవుల క్రింద నణచుకొని, దానికి ముఖము చూపును. అటుపై తోటివారు తమ పనుల నడుమ వంతులవారీగా ఆమె ఆర్డర్లను మోయుదురు. ఆ సంపాదన ఆమె ఖాతాలోనికే పోవును. ఏసోబు పరమానందభరితుడయ్యెను. రిక్షాలతోపాటు ఆ ధర్మముకూడ పాతయినుము క్రింద అమ్ముడుపోయినదని యనుకొనిన ముదుసలికి, ఫ్లైఓవరు నీడలో నిలిచిన పిల్లలయందు అది మరల చిగురించుట కంటబడగా కన్నులు చెమర్చెను. చెప్పుచున్న నాకును సంతోషముగనే యున్నది. కాని కథ ఇక్కడ ఆగదు.

ఏసోబు కాలపు స్టాండునకు కన్నులుండెను. ఎవడు పడకనున్నాడో, ఎవడు త్రొక్కుచున్నాడో అందరెరుగుదురు. యంత్రమెరిగినది ఉదయమున చూచిన ముఖమొక్కటే. కొన్నాళ్లకు సలోమి పెట్టుకొనిన బీమా యభ్యర్థనకు ఉత్తరువు వచ్చెను. పడకనుంటినని ఆమె చెప్పిన దినములన్నింట ఆమె పనిచేసినట్లు ఆమె ముఖమే సాక్ష్యమిచ్చుచున్నదనియు, కావున అభ్యర్థన యసత్యమనియు, ఐడీ మూసివేయబడినదనియు దాని సారాంశము.

ఏసోబు కూలబడెను. "మంచికి పోతే చెడు ఎదురైంది. నా పాత కబుర్లే నీ కాలికి అడ్డం పడ్డాయమ్మా!"

"ఊరుకో నాన్నా," అనెను సలోమి. "ఆ కబుర్లతో పెరిగినదాన్నే నేను."

ఒక న్యాయవాది సాయమున సలోమి కార్మికశాఖ కార్యాలయమున ఫిర్యాదు చేసెను. విచారణాధికారిణి హైమవతి యనునామె; మితభాషిణి, ముక్కుసూటి మనిషి. విచారణదినమున సలోమి చంకకఱ్ఱలూని తండ్రితో వచ్చి కూర్చుండెను; మస్తాన్‌వలీ, తిరపతయ్యలు వెనుక కుర్చీలలో నుండిరి. సంస్థ పక్షమున వచ్చిన యువన్యాయవాది మొదట ఆమె కార్మికురాలే కాదని, పార్టనరని వాదించెను. ఆ మాటను అధికారిణి ప్రక్కనబెట్టగా, పిమ్మట ఆమె యసత్యవాదినియని వాదించెను.

అధికారిణి సలోమి వంక తిరిగి, "ప్రమాదం రోజు మీరు ఆర్డరు మీదే ఉన్నారు. అది రుజువైంది," అని చెప్పెను. "ఆ తర్వాత మీ ఐడీ మీద బండి తోలింది మీరు కాదని తేలితే బీమా ఇవ్వమని నేను రాయగలను. ఎవరు తోలారో చెప్పండి."

సలోమి తల వంచుకొనెను. పేరు చెప్పినచో కాలు దక్కును, ఐడీ దక్కును. కాని పరుల ఐడీపై పనిచేసినవారి ఐడీలు శాశ్వతముగా మూతపడునని ఆ గదిలో తెలియనివారు లేరు. మస్తాన్‌వలీ మరునెలలో చెల్లెలి నర్సింగు పరీక్షకు రుసుము కట్టవలెను. తిరపతయ్య భార్య నిండుచూలాలు.

"గుర్తు లేదండీ," అనెను సలోమి.

"కాలు వంకరైపోతుంది అమ్మాయ్."

"తెలుసండీ. గుర్తు లేదు."

గది వెనుకభాగమున కుర్చీ యొకటి కదలెను. మస్తాన్‌వలీ లేచి నిలుచుండెను. "నేను తోలానండీ. బేరం అక్కదే. నేను మోశానంతే." వాని వెనుక తిరపతయ్య లేచెను. "నేనూనండీ." సలోమి వెనుదిరిగి, వద్దురా, వద్దురా యని యేడ్చుచుండెను. ఏసోబు రెండుచేతులతో మొగము కప్పుకొనెను.

యువన్యాయవాది వారి పేర్లు వ్రాసికొనుచు, "ఇందులో మీకేం ముట్టింది?" అని యడిగెను. ఎగతాళికి గాదు, నిజముగనే తెలియక యడిగెను. తిరపతయ్య తడుముకొని, "ముట్టడమేంటండీ? ఆవిడ పడుకుని ఉందిగా," అనెను.

అధికారిణి సలోమికి వైద్యవ్యయమును, భృతియు నీయవలెననియు, ఐడీ తెరువవలెననియు తీర్పు వ్రాసెను. ఆ యువకుల ఐడీల సంగతి తన యెదుటనున్న ఫిర్యాదులో లేదు గనుక వారు వేరుగ ఫిర్యాదు చేసికొనవలెనని చెప్పి, కలము మూయకయే కొంతసేపు వారిని చూచుచుండెను. సంస్థవారు తీర్పును శిరసావహించుటలో నెంత చురుకుదనము చూపిరనగా, అందరును మెట్లు దిగి వేపచెట్టు నీడకు చేరులోపల యువకుల చరవాణులు రెండును వారి ఐడీలు మూతపడినవని చెప్పెను, సలోమి చరవాణి ఆమెది తెరువబడినదని చెప్పెను.

నిజముగా తెరువబడెనో లేదోయని సలోమి దానికి ముఖము చూపెను. ఏడ్చి యుబ్బిన ముఖమైనను అది గుర్తుపట్టెను. పురమంతయు భోజనము కొరకు ఎదురుచూచు వేళ యది. ఒక్క క్షణమున ఆర్డరు వచ్చి చరవాణి మ్రోగనారంభించెను. త్రొక్కగల కాళ్లు, మోయగల భుజములు చుట్టును నిలిచియుండెను. మస్తాన్‌వలీ చేయి అలవాటుగా ముందునకు సాగి, నడుమనే నిలిచిపోయెను. "ఎత్తకండిరా, నాయనలారా, మళ్లీ దాని ముఖాన్నే సాక్ష్యం తెస్తారు," అని ఏసోబు నూతిలోనుండి వచ్చినట్టి గొంతుతో ననెను. ఒకని వంతును వేరొకడు మోయుటయే ధర్మమని బ్రదికినవాని నోట ఆ మాట మొదటిసారి వెలువడెను. ఎవ్వరును ముట్టలేదు. అది సలోమి యరచేతిలో చాలసేపు మ్రోగి ఆగిపోయెను.