కొస తెంపని నారు

నారు పీకి, వేళ్ల బురద నీళ్లలో జాడించి, కట్ట కట్టి గట్టు మీద పెట్టాడు లస్మయ్య. మళ్లీ వంగాడు. వంగినప్పుడల్లా ఎడమ భుజంలో ఏదో లాగుతోంది. లాగనీ. నాటు పూర్తయ్యేదాకా దాని మాట వినదలచుకోలేదు. జనగామ దవాఖానలో డాక్టరు గుండె బాగాలేదు, పని మానెయ్యమంటే, "మానేసినంక జేసేదేముంది సారూ?" అని మందులు జేబులో వేసుకుని వచ్చేశాడు. మొండిమనిషి మరి.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ప్రయోగ క్షేత్రంలో నీళ్లు కట్టే పని అతనిది. వెలిసిన బనీను, తలకు తుండు, పగిలిన మడమలు. ఉన్నాడంటే ఉన్నాడన్నట్టుండే మనిషి. సైంటిస్టు మేఘన మేడం తెచ్చిన కొత్త వరి మీద మాత్రం ప్రాణం పెట్టుకున్నాడు. కిరణజన్య సంయోగక్రియ అని ఆమె అంటే నోరు తిరగలేదు గానీ సంగతి బోధపడింది. దీని ఆకులు నిటారుగా నిలబడి కింది ఆకులకూ ఎండ అందనిస్తాయి. అవే నీళ్లు, అదే యూరియా, గింజ మాత్రం ఎక్కువ.

నిరుడు ఆ ముచ్చట తీరలేదు. నాటే ఆడవాళ్లు అలవాటు కొద్దీ నారు కొసలు తెంపారు. కొసల్లో పురుగు గుడ్లుంటాయని అమ్మలు నేర్పిన పని, చేతులు వాటంతటవే చేసేస్తాయి. కొన్ని మళ్లలో తెంపి, కొన్నింట్లో వదిలేసరికి కొలతలన్నీ కలగాపులగమయ్యాయి. ఈసారీ చెడితే ప్రయోగం ఎత్తేస్తారు.

"పోశమ్మా, కొసలు ముట్టకుండ్రి" అన్నాడు, నాటు ముఠా పెద్దతో.

"పొద్దుగాలట్నుంచి గదే పాట. మా చేతులు కట్టేస్తవా ఏంది అన్నా?"

"కట్టేస్త. జర యాదుంచుకో చెల్లె."

ప్రతి కట్టా తానే అందిస్తూ గట్టు వెంట తిరిగాడు. మధ్యాహ్నం పోశమ్మ వేళ్లు కొసల మీదికి పోయి, టక్కున ఆగాయి. తలెత్తితే అతను ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పొద్దు వాలేసరికి ఆఖరి మడి నిండింది.

"ఇగ నిమ్మలమేనా అన్నా?"

"నిమ్మలమే. ఇగ ఎండే జూసుకుంటది."

మొక్కలు చచ్చిన చోట నాటడానికి ఒక కట్ట మిగిల్చి, తల తుండు విప్పి, కాలువలో తడిపి దానికి చుట్టి గట్టు మీద పెట్టాడు. మోటరు గది గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

కాళ్లు కడుక్కుని వచ్చి పోశమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం తట్టి చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

చీకటి పడకముందే అతన్ని ఆటోలో ఇంటికి తీసుకుపోయారు. గట్టు మీద, తడి తుండులోంచి పైకి వచ్చిన నారు కొసలు ఒక్కటీ తెగకుండా నిలబడి ఉన్నాయి.