దణ్ణానికి ముందు మేత

మామగారి చేపపిల్లల హేచరీ షెడ్డు ఇప్పుడు లేదు. అయినా చేపనూనె వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ పొద్దుటిపూటలే గుర్తొస్తాయి. తొట్లలో గాలిబుడగల గలగల, సీసాల్లో పచ్చగా నాచునీళ్ళు, చేతిలో జల్లెడతో మా ఆవిడ.

సముద్రపు చేపపిల్ల గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. పొడి మేత ముట్టదు, కళ్ళముందు కదిలేదే తింటుంది. అందుకని రోటిఫర్లని, అంటే కంటికి ఆనీ ఆనని నీటి పురుగుల్ని పెంచి వేసేవాళ్ళం. వాటిలో సొంత సత్తువ తక్కువ. రాత్రంతా వాటికి నూనె కలిపిన మేత పెట్టి, తెల్లారాక జల్లెడ పట్టి, కడిగి వేయాలి. తినబోయేదానికే ముందు తినిపించాలన్నమాట. ఆ పని మా ఆవిడది, ఆ పురుగులు తినే నాచు పెంచడం నాది. తొట్టిలో మేత పోసేది మాత్రం మామగారే.

ఆయన దణ్ణం పెట్టుకోకుండా ఏ పనీ మొదలుపెట్టేవారు కాదు. అందాకా కడిగిన రోటిఫర్లు శుభ్రమైన ఉప్పునీళ్ళ బకెట్లో ఎదురుచూసేవి. ఆ దణ్ణంలో చుట్టాల క్షేమం, వాళ్ళ పిల్లల చదువులు, కీళ్ళనొప్పులు అన్నీ అయ్యాక తొట్ల వంతు వచ్చేది. ఇంకా ఎంతసేపని నేను విసుక్కుంటే, అల్లుడి గురించి విన్నవించుకోవడానికే సగం పొద్దు పడుతుందని మా ఆవిడ మూతి తిప్పేది.

ఆ ఏడు వరుసగా రెండు విడతల పిల్లలు పోయాయి. కడుపునిండా తింటున్నట్టే ఉండేవి, తిన్నది ఒంటికి పట్టేది కాదు. మూడో విడతా పోతే షెడ్డు ఎవరికైనా అప్పగించేస్తానని మామగారు తేల్చేశారు. ఆ మాట అన్నాక ఆయన దణ్ణం ఇంకాస్త పొడుగైంది.

మూడో విడత పిల్లలు మేతకొచ్చిన రోజున మా ఆవిడ, కడిగిన వెంటనే ఒక చుక్క, దణ్ణం అయ్యాక ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్నూ చూడమంది. మొదటి చుక్కలో పురుగుల పొట్టలు నల్లగా నిండుగా ఉన్నాయి. రెండోదాంట్లో గాజులా ఖాళీ. బకెట్లో ఆగినంతసేపూ తిన్నదంతా అరిగిపోతోంది. మేం వడ్డిస్తున్నవి ఖాళీ కంచాలు.

భోజనాల దగ్గర తండ్రికి చెప్పింది.

"దేవుడికి చెప్పకుండా ఇన్నేళ్ళలో ఏదీ మొదలుపెట్టలేదమ్మా," అన్నారాయన.

అత్తగారు కూర వడ్డిస్తూ, తలెత్తకుండానే అన్నారు: "దీన్ని కన్నప్పుడు, మీ దణ్ణం అయ్యేదాకా పాలివ్వకుండా కూర్చున్నానా?"

మర్నాడు జల్లెడ దగ్గరికి మామగారే వచ్చారు. కడగడం అయ్యీ అవగానే బకెట్టు అందుకుని గబగబా తొట్టి దగ్గరికి నడిచారు. పోస్తూ, ఏదో తప్పు చేస్తున్నవాడిలా ఒకసారి పైకి చూశారు.

ఆ విడత బతికింది. చేపపిల్లలు గుంపుగా ఎదురీదుతుంటే ఆయన తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయారు.

ఆ పిల్లల కోసం ఆయన మొక్కేవారు, సరే. వాటి నోట్లోకి పోయే పురుగుల కోసం ఎవరు మొక్కాలి? ఒకసారి అడిగాను. "నువ్వు మొక్కు, నాకు చుట్టాలతోనే సరిపోతోంది," అన్నారు నవ్వుతూ. అప్పట్నుంచి మొక్కుతున్నాను. సరైనదో కాదో తెలీదు.

మామగారు మేత పోసి, ఆ చేతులతోనే దేవుడి ముందుకు వెళ్ళబోతుంటే, నూనె కంపు, సబ్బుతో కడుక్కోమని అత్తగారు కేకేసేవారు.

"ఆయనకు తెలియని వాసనా ఇది?" అనేవారు మామగారు. అని, కడుక్కునేవారు.