సూర్యకళ కట్టుకున్న ఊరు

"ఖాళీగానే ఉన్నావుగా, ఇవాళ్టి లోడు బిల్లులు కాస్త ఎక్కించు" అనేసి భర్త యుగంధర్ నర్సరీలోకి వెళ్ళిపోయాడు. కూలీలందరికీ టిఫిన్లు పెట్టి, అత్తగారికి మందులిచ్చి, అంట్లు తోమి, అప్పుడే కంప్యూటరు ముందు కూలబడింది సూర్యకళ. కుర్చీలో కనబడితే చాలు, ఖాళీ అన్నమాటే!

తీరా చూస్తే కంప్యూటరంతా కొత్తగా ఉంది. మెకానిక్కుని పిలిపించి కొత్త విండోస్ వేయించాడు మహానుభావుడు, ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా. తన ఆట కోసం వెతికితే అదీ లేదు. పెళ్ళికి ముందు రాజమండ్రిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో సొంత జీతంతో కొనుక్కున్న ఆట. ఖాళీ నేల మీద రోడ్లు వేసి, ఇళ్ళు కట్టి, ఊరు చేసుకోవాలి. మధ్యాహ్నాలు ఇంట్లో అందరూ నడుం వాల్చాక ఏళ్ళ తరబడి ఒక్కో వీధీ కట్టుకుంటూ వచ్చింది. ఏటిగట్టున లైబ్రరీ, దాని పక్కన ఆడపిల్లల కాలేజీ. అక్కడ ఆవిడ మాటే చెల్లేది.

"ఈ వయసులో ఆటలేంటమ్మా, నవ్విపోతారు" అనేవారు అత్తగారు. "పోనీలే అమ్మా, ఏదో కాలక్షేపం" అని దయ తలిచేవాడు యుగంధర్. ఆ దయకే ఒళ్ళు మండేది. కొత్త కాపురంలో ఉద్యోగం మాట ఎత్తినప్పుడూ అంతే మెత్తగా "మనింట్లో నీకేం లోటు?" అన్నాడు. ఆ మెత్తదనానికి ఎదురు చెప్పలేక మానేసింది. చెప్పి ఉండాల్సిందని ఎన్నిసార్లు కుమిలిందో.

బీరువాలో చీరల కింద నుంచి సీడీ తీసి ఆట మళ్ళీ ఎక్కించింది. ఈ సిస్టంలో నడవదంటూ తెర మీద సందేశం ప్రత్యక్షం. నడవకేం! సెట్టింగుల్లోకి వెళ్ళింది. పాత ప్రోగ్రాముకి ఇంకా పాత విండోస్‌లోనే ఉన్నానన్న భ్రమ కల్పించే వీలుంటుంది. ఇదివరకు ఎందులో బాగా పనిచేసేదని అడిగింది సిస్టం. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఒక ఆట కోసం ఇంత సిస్టమూ సర్దుకుంటోంది. ఇదివరకు నువ్వెలా ఉండేదానివని తనని ఈ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

బయట లారీ దగ్గర యుగంధర్ కేకలు. "వేర్ల మట్టి రాలనివ్వకండర్రా! ఆ మట్టి లేకపోతే కొత్త నేలలో మొక్క బతకదని ఎన్నిసార్లు చెప్పాలి?"

సూర్యకళకి నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపూ వచ్చింది.

ఆట తెరుచుకుంది. ఆత్రంగా తన ఊరి కోసం వెతికింది. ఎక్కడా లేదు. కిటికీలోంచి కేకేసింది. "ఏవండీ, ఇందులో నా ఫైళ్ళు ఏమయ్యాయి?"

"పాత చెత్తంతా తీసేయమన్నా. నర్సరీ బిల్లులు మాత్రం దాయించానులే, కంగారుపడకు!"

కాపీ పెట్టుకోండర్రా అని రాజమండ్రిలో పిల్లలకి రోజూ నూరిపోసిన మనిషి తన ఊరికి ఒక్క కాపీ దాచుకోలేదు. మనిల్లేగా, ఎవరు తుడిచేస్తారులే అనుకుంది. ఎంత పిచ్చిది!

తెర మీద పచ్చటి బీడు. ఊరి పేరేమిటని అడుగుతోంది. కళ్ళు తుడుచుకుని తన పేరే కొట్టింది.

"బిల్లులయ్యాయా? లారీ కదలాలి" అంటూ గుమ్మంలోకొచ్చాడు యుగంధర్.

మొదటి రోడ్డు గీస్తూ, తల తిప్పకుండా అంది సూర్యకళ. "మీరే చేత్తో రాసిచ్చేయండి. కంప్యూటరు ఖాళీ లేదు. నేనూ ఖాళీగా లేనండీ."