గొంతు తగ్గిన చోటు

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ కథలో కాల్‌క్యులస్ ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఇందులో దాదాపు ఏమీ జరగదు. ఒకావిడ పొద్దున కాలేజీకి వస్తుంది, సాయంత్రం వెళ్లిపోతుంది. మధ్యలో నాలుగు టేబుళ్లు కదులుతాయి. భయపడకండి, పరీక్ష మీకు కాదు.

తొమ్మిదింపావుకి ఎవాంజెలిన్ మేడం మూడో టేబులు తుడుస్తోంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. 1999 ఏప్రిల్ ఆఖరి వారం. కాలేజీ వెనక గుట్టలు పగలగొడుతున్నారు, మాదాపూర్ దాకా ఎటు చూసినా ఏదో ఒకటి కడుతున్నారు. సాయంత్రం తుడిచిన టేబులు మీద పొద్దున్నకి వేలితో బొమ్మలు గీయొచ్చు. ఎవరో ఇంటిగ్రల్ గుర్తు గీశారు కూడా. కిందా పైనా లిమిట్లు వెయ్యలేదు. ఆవిడ ఆ దుమ్ములోనే కింద సున్నా, పైన ఒకటి వేసి, తృప్తిగా చూసి, అప్పుడు తుడిచేసింది.

యాభై ఆరేళ్ల మనిషి. పొట్టి. గంజి పెట్టిన నూలు చీర, మెడలో సన్నటి గొలుసు, దానికి గోరంత శిలువ. కుడిచేతి చూపుడువేలి కొస సుద్దముక్కలకి అరిగి నున్నబడింది. ఎడమ మోకాలు వాన వచ్చేముందు, ప్రిన్సిపాల్ వచ్చేముందు నొప్పి పెడుతుంది. ఊరు బాపట్ల దగ్గర. ఎమ్మెస్సీ సగంలో ఆపేసింది. మొదట తండ్రికి పక్షవాతమని, తర్వాత ఆయన పోయారని, ఆ తర్వాత అలవాటైపోయి. ప్రస్తుతం మణికొండలో ఒంటిగది కిరాయికి తీసుకుని ఉంటుంది. కాలేజీ కాగితాల్లో ఆవిడ హోదా ‘ట్యూటర్, తాత్కాలికం’. ఆ తాత్కాలికం మొదలై పదకొండేళ్లయింది.

ఏటా ఏప్రిల్ ఆఖరి గురువారం ప్రిన్సిపాల్ గదినుంచి ఒక కవరు వస్తుంది, ఇంకో ఏడాది ఉండమని. ఎప్పుడూ పదింటికల్లా వచ్చేస్తుంది. ఇవాళే ఆ గురువారం.

తలుపు మీద బోర్డు ‘మ్యాథ్స్ సపోర్ట్ రూమ్’ అంటుంది. పిల్లలు మాత్రం దాన్ని ఐసీయూ అంటారు. లెక్కల్లో తప్పినవాళ్లు, తప్పబోయేవాళ్లు ఇక్కడికి వస్తారు. తలుపు పక్కన మొదటి టేబులు భిన్నాలకీ ఆల్జీబ్రాకీ. రెండోది ట్రిగనామెట్రీకి. మూడోది ఫంక్షన్లకీ లిమిట్లకీ. కిటికీ పక్కన, కాస్త గాలి తగిలే చోట, కాల్‌క్యులస్. ప్రతివాడూ నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. పది నిమిషాల్లో ఆవిడ వాణ్ని తలుపు దగ్గరికి తెచ్చేస్తుంది. కాల్‌క్యులస్ రాదని వచ్చినవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది నిజానికి ఏడో తరగతి భిన్నాల దగ్గర చెడినవాళ్లే.

ఆవిడ ఎవరి నోట్సూ దిద్దదు. ఎర్ర పెన్ను ఆవిడ దగ్గర లేనే లేదు. లెక్క చేసినవాళ్లే దాన్ని మొదటి లైను నుంచి గొంతెత్తి చదవాలి. ఆవిడ కళ్లు మూసుకుని వింటుంది.

పదకొండింటికి వచ్చిన భానుశ్రీ ఫస్టియర్ కంప్యూటర్ సైన్స్. కాకినాడ పిల్ల. మాటకి ముందు నవ్వు వస్తుంది, లెక్కకి ముందు ఏడుపు వస్తుంది. మాగ్జిమా మినిమా లెక్క తెచ్చింది.

“డిఫరెన్షియేట్ చేసి సున్నాకి ఈక్వేట్ చేశానండి. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్స్ ఫైవ్ ఎక్స్ వచ్చిందండి. రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే... ఎక్స్ ఈక్వల్స్ ఫైవ్.”

“కొట్టేస్తే అన్నచోట గొంతు తగ్గింది.”

“లేదండీ!”

“తగ్గిందమ్మా. నీకు తెలియకపోయినా నీ గొంతుకి తెలుసు, అక్కడేదో దొంగతనం జరిగిందని. ఎక్స్ సున్నా అయితే?”

భానుశ్రీ పెన్ను నోట్లో పెట్టుకుంది. “సున్నా కూడా ఆన్సరేనా అండీ?”

“ఆ సున్నా దగ్గరే నీ మాగ్జిమం ఉంది. పాపం దాన్ని కొట్టేసి చక్కాపోయావు. పద, మొదటి టేబులు.”

“అయ్యో, మళ్లీ తలుపు దగ్గరికా అండీ? మా బ్యాచ్ వాళ్లు చూస్తే పరువు పోద్దండీ.”

“వాళ్లూ అక్కడే ఉన్నారు. చూసుకో.”

నిజంగానే ఉన్నారు, ముగ్గురు. ఒకడు తల వంచుకుని చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం దాకా కవరు రాలేదు. నల్లా దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే మోకాలు సలిపింది. తలెత్తితే ప్రిన్సిపాల్ రామబ్రహ్మం గారు.

“భోజనమైందా మేడం గారూ?”

“అయిందండి. నా కవరు ఇంకా రాలేదండి.”

“ఆ... టైపింగులో ఉందండి. సెలవుల్లో మీ రూముకి కొంచెం రంగులవీ వేయిద్దామని...”

రంగులు అన్నచోట ఆయన గొంతు దిగింది. పిల్లలెవరైనా అయితే ‘ఆ లైను మళ్లీ చదువు’ అనేది. ఆయన్ని అనలేదు. కొన్ని లైన్లు మళ్లీ చదివించకపోతేనే ఆ పూటకి నిమ్మళంగా ఉంటుంది. పైగా మూడింటికి ఎల్లయ్య వస్తాడు, ఇవాళ అంతకన్నా పెద్ద పని లేదు.

ఎల్లయ్య అదే కాలేజీలో అటెండరు. గోపన్‌పల్లి మనిషి, ముప్పై ఎనిమిదేళ్లు. తాళాల గుత్తి నడుముకి, పెన్సిలు చెవికి. దూరవిద్యలో బీయస్సీ కట్టాడు. అది పూర్తయితే ల్యాబు టెక్నీషియన్ ఉద్యోగం. అన్ని పేపర్లూ అయ్యాయి, లెక్కలొక్కటే మిగిలింది. ఐదుసార్లు తప్పాడు. పాత సిలబస్‌కి రేపటిదే ఆఖరి పరీక్ష. ఇదీ పోతే మూడేళ్ల చదువు మళ్లీ మొదటినుంచి. నాలుగేళ్ల కింద తలుపు దగ్గర మూడో వంతు పెద్దదో నాలుగో వంతు పెద్దదో తేల్చుకుంటూ మొదలుపెట్టినవాడు. ఒక్కో టేబులూ ఒక్కో ఏడు. ఈ జనవరిలోనే కిటికీ దగ్గరికి చేరాడు. ఆ రోజు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు పంచాడు.

మూడింటికి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుంది.

“ఇంటిగ్రల్ ఎక్స్, ఈ పవర్ ఎక్స్, డీఎక్స్,” అని మొదలుపెట్టాడు. “యూ అంటే ఎక్స్ అనుకున్న. ఈ పవర్ ఎక్స్‌ను గా దిక్కు పెట్టిన. ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్... మైనస్... ఇంటిగ్రల్ ఈ పవర్ ఎక్స్ డీఎక్స్.”

మైనస్ దగ్గర గొంతు దిగింది. మామూలుగా దిగడం కాదు, బావిలోకి చేద దిగినట్టు దిగింది.

ఆవిడ కళ్లు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, నోట్సు తనవైపు తిప్పుకుంది. ఆ లైను చూసింది. పై లైను చూసింది. కింది లైను చూసింది. ఎక్కడా తప్పు లేదు. చివర్న ప్లస్ సీ కూడా వేశాడు. పదకొండేళ్లలో ఆవిడ చెవి పొరబడటం ఇదే మొదటిసారి.

“లెక్క కరెక్టే ఎల్లయ్యా.”

“కరెక్టేనా మేడం.” ఆ మాటలో సంతోషమేమీ లేదు.

“మరి గొంతెందుకు తగ్గింది?”

“ఏం లే మేడం. జర దూప అయితున్నది, గొంతెండింది.”

“ఎల్లయ్యా.”

అతను నోట్సు మూశాడు. తాళాల గుత్తి విప్పి టేబులు మీద పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు.

“రేపు తొమ్మిదింటికి వైరింగోళ్లు వస్తున్నరు మేడం. ఈ రూముల ముప్పై కంప్యూటర్లు పెడ్తరంట. వాళ్లొచ్చేటాళ్లకు టేబుళ్లన్నీ బయట పెట్టమన్నరు నన్ను. ఇగ మిమ్మల్ని రావద్దని కాగితం రేపు పగటీలి, పన్నెండు గొట్టినంక ఇస్తరట. గప్పటిదాంక మేడంకు చెప్పకు అన్నడు సారు.”

బయట గుట్ట మీద యంత్రం కాసేపు ఆగి మళ్లీ మొదలైంది.

ఆవిడకి రంగుల మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి, ఆశ్చర్యంగా, దాని వెనకే ఇంకోటి తట్టింది.

“రేపు పదింటికి కోఠీలో కదా నీ పరీక్ష?”

“అవును మేడం.”

“మరి?”

“లీవు అడిగిన. రూము ఖాళీ చేసినంక ఎక్కడికన్న పో అన్నడు. ఒక్కనితోని లేవయి మేడం గివి, ఇనుప కాళ్లు. ఇంకో అటెండరు తొమ్మిదింటి దాంక రాడు. గప్పుడు ఎత్తి పెట్టి, గంట మీద తొవ్వ, కోఠీ ఎప్పుడు వోవాలె?”

“ఇవాళే ఎత్తొచ్చు కదా?”

ఎల్లయ్య నేల చూశాడు. “మీరు ఈడ కూసోనుంటే, మీ ముంగటికెల్లి టేబులు ఎట్ల గుంజుత మేడం? మనసెట్లొస్తది? పోనీ అనుకున్న. పరీక్షదేముంది, ఐదుసార్లు పోలేదా.”

అతను ఐదుసార్లు తప్పినప్పుడు రాని కోపం ఆవిడకి ఇప్పుడొచ్చింది. కోపమొస్తే ఆవిడ లేచి నిలబడుతుంది, అంతే. నిలబడింది. కొంగు నడుముకి దోపింది.

“ఒక్కడితో లేవకపోతే ఇద్దరం పట్టుకోవాలి. ఇది ఆల్జీబ్రా కూడా కాదు.”

“అయ్యో, మీరేంది మేడం! మోకాలు నొస్తదని...”

“మోకాలి సంగతి మోకాలు చూసుకుంటుంది. ఊరికే మొయ్యడం కాదు, అడిగింది చెబుతూ మొయ్యాలి. పట్టు ఆ వైపు. ఏ మైనస్ బీ హోల్ క్యూబ్?”

తలుపు దగ్గరి టేబులు మొదట వెళ్లింది. ఎల్లయ్య వెనక్కి నడుస్తూ, గుమ్మం తగలకుండా తల తిప్పి చూస్తూ, ఏ క్యూబ్ మైనస్ త్రీ ఏ స్క్వేర్ బీ అంటూ వరండాలోకి దిగాడు. రెండో టేబులుకి సైన్లూ కాస్‌లూ అయ్యాయి. మూడో టేబులు సగంలో ఆవిడ తన కొస దించి ఆగింది. మోకాలు పట్టుకుని గోడకి ఆనుకుంది. అతను తన కొస దించలేదు, ఆ బరువుతోనే నిలబడి, ఎవరూ అడక్కుండానే సైన్ ఎక్స్ బై ఎక్స్ లిమిట్ ఒకటి అని చెప్పాడు. “సరే, నడువు,” అంది ఆవిడ.

నాలుగోదాన్ని ఎత్తేటప్పటికి ఇద్దరికీ ఆయాసం. బై పార్ట్స్ సూత్రం అతను మూడు ముక్కలుగా చెప్పాడు, ఊపిరికో ముక్క. అందులో గొంతు ఎక్కడైనా తగ్గిందో లేదో ఆవిడక్కూడా తెలియలేదు.

వరండాలో టేబుళ్లు వరసగా నిలబడ్డాయి. అటుగా వచ్చిన భానుశ్రీ చూసి, “ఏంటండీ, ఐసీయూ షిఫ్టింగా?” అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయింది.

“నువ్వు సున్నాలు కొట్టెయ్యకుండా ఉంటే చాలమ్మా,” అంది ఆవిడ.

ఎల్లయ్య చెంబుతో నీళ్లు, స్టీలు గ్లాసు తెచ్చాడు. ఖాళీ గదిలో ఆవిడ కిటికీ దగ్గర నిలబడి తాగింది. గదిలో మాట్లాడితే మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తోంది.

“రేపు కాగితం తీసుకోనీకి వస్తరా మేడం?”

“ఇంటికి పంపమను. చెల్లెలు చాన్నాళ్లుగా రమ్మంటోంది, బాపట్ల వెళ్తాను.” సంచీ భుజానికి తగిలించుకుంది. “హాల్‌టికెట్ ఇప్పుడే చొక్కా జేబులో పెట్టుకో. ఎనిమిదింటి బస్సు ఎక్కు. వచ్చినవి ముందు చెయ్యి. చేసిన ప్రతి లైనూ లోపల్లోపల చదువుకో.”

“పోయొస్త మేడం.”

“నేను కదా పోయేది,” అంది ఆవిడ, నవ్వుతూనే. గేటు దాటి, లారీలు పోయేదాకా ఆగి, రోడ్డు దాటి, లింగంపల్లి నుంచి వచ్చే బస్సు ఎక్కింది. సీటు దొరికింది.

జులైలో ఎల్లయ్యకు లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. పాస్‌కి ముప్పై ఐదు చాలు. ఆ మాట చెబుదామని మణికొండ పోతే ఆ గదిలో అప్పటికే ఎవరో ప్రోగ్రామర్లు నలుగురున్నారు. బాపట్ల అడ్రసు వాళ్లకి తెలియదు. మీకు లెక్కలు చెప్పినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో తెలిస్తే రాయండి. తెలియకపోయినా రాయండి.

టేబుళ్లు కదిలిన మర్నాడు, ఆ శుక్రవారం పొద్దున వైరింగ్ వాళ్లు తొమ్మిదింటికి వచ్చి తలుపు తెరిచేసరికి గది శుభ్రంగా, ఊడ్చి మరీ ఉంది. కిటికీ గట్టు మీద మాత్రం ఆవిడ తాగిన స్టీలు గ్లాసు, సగం నీళ్లతో, దుమ్ము పడకుండా పైన మడిచిన తెల్లకాగితం మూతగా పెట్టి.