చుక్కల వెనక నీళ్ళు

తెర మీద నల్ల చుక్కలు వరసగా కూర్చుని డారిల్ క్విగ్లీని చూస్తున్నాయి. ఆ చుక్కల వెనక ఒక మాట ఉంది. అది దొరికితే ఉత్తరపు బోరు దగ్గర మంద బతుకుతుంది. దొరక్కపోతే రేపటికల్లా గద్దలు దిగుతాయి.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, ఆ దేశంలో అది నడివేసవి, వాన చినుకు లేకుండా ఉత్త ఉరుములు ఉరిమాయి. ఒక్క పిడుగు ఇంటి ఫోన్‌ని చంపింది. పాత ల్యాప్‌టాప్‌కి నెట్ అందే దారిని, దాని ఛార్జరునీ కాల్చింది. ఇసుక దిబ్బల అవతల బోరు పంపును ఆపేసి పోయింది. ఆకాశం నుంచి నెట్ తెచ్చే కప్పు మీది డిష్ ఎలా బతికిందో దానికే తెలియాలి. కొత్త ల్యాప్‌టాప్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది కాబట్టి బతికింది. ఇప్పుడు కొత్తదానికి నెట్ ఉంది, పాస్‌వర్డులు లేవు. పాతదానికి పాస్‌వర్డులున్నాయి, నెట్ లేదు. కళ్ళున్నవాడికి కాళ్ళు లేవు, కాళ్ళున్నవాడికి కళ్ళు లేవు.

పంపు ఆగిన సంగతి పొద్దున వాల్ చెప్పేదాకా తెలియలేదు. వాల్ పక్క భూమి ఆసామి. బుల్లి విమానంలో తన గొడ్లను వెతుక్కుంటూ అటు పోయాడు.

"ఒరే డారిల్, నీ ఉత్తరపు తొట్టి ఎండిపోయి పడుందిరా. గొడ్లన్నీ దాని చుట్టూ నిలబడి నాకుతున్నాయి. ఉత్త రేకు నాకుతున్నాయి," అన్నాడు చుట్టుపక్కల భూములవాళ్ళంతా మాట్లాడుకునే రేడియోలో.

"దిగి పంపు ఆన్ చెయ్యలేకపోయావా?"

"ఎక్కడ దిగమంటావు, దిబ్బల మీదా? నా పెళ్ళానికి ఇంకో మొగుణ్ణి చూసుకునే పని పెట్టకు."

ట్రక్కుకి ఇరుసు విరిగింది. కొత్త ఇరుసు సెలవులయ్యాకగానీ రాదు. ఈ ఎండలో మోటారు సైకిలు మీద ఆ దిబ్బలు దాటబోయినవాడు ముందుగా తనే చస్తాడు. మిగిలింది ఒకటే దారి. పంపు కంపెనీ వాళ్ళ పేజీ తెరిచి, అందులో బటన్ నొక్కాలి. ఒకప్పుడు మనిషి పోయి ఇంజను తాడు లాగేవాడు. అది మోటు పనట. ఇప్పుడు ఇంట్లో కూచుని మూర్ఛపోవచ్చు.

పాస్‌వర్డ్ మర్చిపోయారా అని ఆ పేజీ మర్యాదగా అడిగింది. అవునని నొక్కితే కొత్తది మెయిల్‌కి పంపామంది. ఆ మెయిల్ తెరవాలంటే ఇంకో పాస్‌వర్డు. అదీ పాతదాంట్లో చుక్కల వెనకే ఉంది. తాళంచెవిని పెట్టెలో వేసి పెట్టెకి తాళం బిగించినట్టయింది. కంపెనీ వాళ్ళని అడుగుదామంటే ఇప్పట్లో తెరిచేలా లేరు. కొత్త సంవత్సరం రెండో వారం దాకా సెలవని పేజీ నెత్తినే రాసుకున్నారు.

కొత్తదాంట్లో వెతికితే ఉపాయం దొరికింది. పాత బ్రౌజరులోని పాస్‌వర్డులన్నిటినీ ఒక ఫైలుగా తీసి, పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చి, కొత్తదాంట్లో పొయ్యడమే. బిందెలో నీళ్ళు కడవలోకి వంచినంత సుళువని రాశారు. రాసినవాడికి నొరీన్ లాంటి పెళ్ళాం ఉండి ఉండదు. ఫైలు తియ్యబోగానే పాత మిషను ఒక నంబరు అడిగింది. నాలుగంకెలు. ఆ నంబరు పెట్టింది నొరీన్.

నొరీన్ ఆర్నెల్ల కిందట, చలికాలంలో ఇల్లు విడిచి వెళ్ళింది. దూరం ఏమీ పోలేదు. ఇంకో పక్క ఆసామి బెవ్ వాళ్ళ భూమిలో పనివాళ్ళకి వంట చేస్తోంది.

డారిల్ తన పుట్టినరోజు కొట్టాడు. కాదంది. ఆమెది కొట్టాడు. కాదంది. పెళ్ళి తేదీ కొట్టాడు. కాదన్నప్పుడు ఆశ్చర్యమేమీ కలగలేదుగానీ, ఎక్కడో మాత్రం గుచ్చుకుంది. ఇంకొక్కసారి తప్పు కొడితే ఆర్పి మళ్ళీ వెలిగించాలని మిషను హెచ్చరించింది. మూల బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతోంది. కొత్త ఛార్జరు దీనికి పట్టదు. ఆర్పితే ఇది మళ్ళీ వెలగదు.

రేడియో మైకు అందుకున్నాడు. పెట్టేశాడు. ఫోన్ లేదు, మెయిల్ లేదు, ఉన్నది రేడియో. రేడియోలో అడగడమంటే ఊరందరి ముందూ అడగడమే. పండగ మర్నాడు తిని పడుకున్న జనం, చల్లటి బీరు పక్కన పెట్టుకుని, వినడానికి ఏమన్నా దొరుకుతుందా అని కాచుకుని ఉంటారు. వదిలేసిపోయిన పెళ్ళాన్ని మొగుడు బతిమాలుకోవడం కంటే వాళ్ళకి కావలసిందేముంది?

"ఏరా, తొట్టి సంగతేమైంది?" వాల్ మళ్ళీ రేడియోలోకి వచ్చాడు.

"నంబరు కావాలి."

"ఎవరి దగ్గరుంది?"

డారిల్ మైకు వైరు వేలికి చుట్టుకున్నాడు.

"అడగవయ్యా. గొడ్లకి నీ పౌరుషం తెలియదు. వాటికి దాహం ఒక్కటే తెలుసు."

డారిల్ మైకు బటన్ నొక్కాడు. "బెవ్, వింటున్నావా? నొరీన్ ఉందా అక్కడ?"

కాసేపు గరగర. తరవాత నొరీన్ గొంతు, పిండి చేతులతో మైకు కొసన పట్టుకుని పలికినట్టు దూరంగా. "విన్నాను. అంతా విన్నాను. గొడ్లెన్నాళ్ళ నుంచి నీళ్ళు లేకుండా ఉన్నాయి?"

"పిడుగు పడ్డప్పటి నుంచి. పాత ల్యాప్‌టాప్ నంబరు చెప్పు."

"ఇక్కడా?"

"మరి ఎక్కడ?"

"అది నా బ్యాంకు కార్డు నంబరు కూడా. రేడియోలో ఎట్లా చెప్పను? వింటున్నవాళ్ళంతా కట్టెయ్యండి."

ఎవరూ కట్టలేదు. కట్టినట్టు ఊపిరి మాత్రం బిగబట్టారు.

"నేను కట్టేశా," అన్నాడు వాల్.

"నొరీన్, బ్యాటరీ పోతోంది. ఒకే ఒక్కసారి కొట్టే వీలుంది."

నొరీన్ గొంతు మారింది. "నీకు తెలిసిన నంబరే. డాలీ చెవి బిళ్ల మీదిది."

డారిల్ చెయ్యి మైకు మీదే ఆగిపోయింది.

డాలీ అంటే తల్లి చచ్చిన ఒక దూడ. నొరీన్ దాన్ని వంటింట్లో సీసాపాలు పోసి పెంచింది. కుక్కలాగా వెంట తిరిగేది, తలుపు నాకేది. ఆమె పళ్ళు చూపించుకోవడానికి పట్నం పోయినప్పుడు గొడ్లను కబేళాకి తోలే లారీ వచ్చింది. గొడ్డు గొడ్డేనని డారిల్ దాన్నీ ఎక్కించాడు. ఇంటికొచ్చి పాలసీసా కడుగుతూ నొరీన్ డాలీ ఏదని అడిగింది, అతను చెప్పాడు. ఆమె అరవలేదు. సీసా తుడిచి బోర్లించి, పెట్టె సర్దుకుంది.

"నువ్వే అమ్మావుగా. నువ్వే గుర్తు తెచ్చుకో," అంది.

అరవై ఒకటి. అది ఖాయం. ఆ ఏడు దూడలన్నిటికీ ముందు అంకెలు అవే. వెనక అంకెలు ముప్పై ఎనిమిదా, ఎనభై మూడా? కళ్ళు మూసుకుంటే నారింజరంగు బిళ్ల కనబడుతోంది, మీద మూడూ ఎనిమిదీ కనబడుతున్నాయి, ఏది ముందో కనబడడం లేదు.

"నొరీన్, చివరి రెండూ..."

"చెప్తే అందరూ వింటారు."

"ముందు పెద్దదా, చిన్నదా, అది చెప్పు."

"డారిల్." అంతే. ఇంకేమీ లేదు.

ఎర్ర గుర్తు మిణుకుమనడం మొదలెట్టింది. లారీ రోజు గుర్తు తెచ్చుకున్నాడు. దుమ్ము. డ్రైవరు కర్రతో అదిలిస్తున్నాడు. మిగతావన్నీ బెదిరి వెనక్కి తన్నుతుంటే డాలీ ఒక్కతే లారీ వైపు కాకుండా అతని వైపు నడిచి వచ్చింది, జేబులో రొట్టెముక్క కోసం. చెవి అతని చేతికి తగిలింది. అతను డ్రైవరుకి బిళ్ల చదివి వినిపించాడు. ఏమని? "ఎనభై మూడు ఇది, పాలపిల్ల, దీన్ని కొట్టకు, అదే ఎక్కుతుంది." అదే ఎక్కింది.

నాలుగంకెలూ కొట్టాడు.

చుక్కలు విడిపోయాయి.

ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి పాకేదాకా బ్యాటరీ గుర్తు వైపే చూశాడు. పెన్‌డ్రైవ్ పెరికి చేతిలోకి తీసుకున్నాడు. ఒక గుక్క తరవాత పాతదాని తెర నల్లబడిపోయింది. కొత్తదాంట్లో గుచ్చి, ఫైలు సరిగ్గా వచ్చిందో లేదోనని తెరిచాడు. పాస్‌వర్డులన్నీ బట్టల్లేకుండా నిలబడ్డాయి. నొరీన్ మెయిల్, నొరీన్ బ్యాంకు, ఇంకేవో. కళ్ళు అటు పోబోతే పంపు వరస మీదికి లాక్కొచ్చాడు. పంపు పాస్‌వర్డు: మొండి ఎద్దు, పక్కన వాళ్ళ పెళ్ళయిన ఏడు.

అది కొట్టి, బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆకాశానికి పోయి రావాలిగా, తీరికగా పోయొస్తోంది. చివరికి పంపు నడుస్తోందని పడింది. తొట్టిని నింపే ట్యాంకు మట్టం దగ్గర సున్నా అలాగే కూచుంది. డారిల్ కదల్లేదు. సున్నా ఒకటయింది. కాసేపటికి రెండయింది.

"నీళ్ళొస్తున్నాయి," అన్నాడు మైకులో.

ఎవరో ఈల వేశారు. వినకుండా కట్టేసినవాళ్ళే.

"ఆ ఫైలు చెరిపావా?" అంది నొరీన్.

"చెరిపా."

"చెత్తబుట్టలోంచి కూడా?"

చేతిని మళ్ళీ మౌస్ మీదికి పోనిచ్చాడు. "ఇప్పుడు చెరిపా."

"పెన్‌డ్రైవ్‌లోది?"

"అదీ. పంపుది ఒక్కటే చదివా."

ఆమె చిన్నగా దగ్గింది. "అది చాల్లే."

"ఏంటది?" అన్నాడు వాల్.

"నీకెందుకు," అన్నారిద్దరూ ఒకేసారి. ట్యాంకు మట్టం మూడుకి వచ్చింది.

"నా కార్డు నంబరు రేపు మార్చుకోవాలి," అంది నొరీన్.

"ఎందుకు? నంబరు పైకి చెప్పలేదుగా. వీళ్ళెవరికీ తెలియదు."

"నీకు తెలుసుగా," అంది, రొట్టె మాడిపోతోందని చెప్పి వెళ్ళిపోయింది.