బావిగట్టు మీది తిట్లు

మా నాయన పేరు పెద్దయ్య. ఆయన గొంతు ఎలాంటిదంటే, ఒకసారి దొనకొండ స్టేషనులో తప్పిపోయిన మేకపోతును పిలిస్తే, గార్డు ఈల వేశాడనుకుని డ్రైవరు రైలు కదిలించేశాడు. మేకపోతు కూడా ఆ రైల్లోనే వెళ్ళిపోయిందని మా అమ్మ చెప్పేది. నమ్మనివాళ్ళు రైలును అడగవచ్చు.

ఆ గొంతంతా నాయన నా మీదే ఖర్చు పెట్టేవాడు. మాది పుల్లలచెరువు దగ్గరి పల్లె. దొరల కాలంలో, మేము కర్నూలు జిల్లా కింద ఉన్నప్పుడు, కలెక్టరు మా వైపు వస్తే తాగే నీళ్ళు తన వెంటే మోయించుకుని వచ్చేవాడు. ఎండాకాలంలో బావులు అడుగంటేవి. పూడిక తీసి ఇంకాస్త లోతు తవ్వాలి. లోపలికి దిగడం నా పని. నా నడుముకు కట్టిన మోకును పైన పట్టుకునేది నాయన. వేరెవరినీ ఆ మోకు ముట్టనిచ్చేవాడు కాదు. నా తల గట్టు దిగింది మొదలు మళ్ళీ పైకి తేలేదాకా ఆయన నోరు మూతపడేది కాదు.

"ఏంరా ఎనుబోతా, నిద్రపోయినావా?"

"లేదు నాయనా."

"గొంతులో పిల్లి పడుకున్నాదా ఏంది? గట్టిగా చెప్పు!"

నాకు కొత్తగా పెళ్ళయింది. నా భార్య సుబ్బులు మట్టి గంపలు మోస్తూ అన్నీ వినేది. ఇంట్లో నాతో రెండు మాటలైనా మాట్లాడని నాయనకు బావి దగ్గర ఇన్ని తిట్లు ఎక్కడ ఊరేవో! అందులో సగం నీళ్ళు ఊరినా మాకు కరువుండేది కాదు.

"మా నాయనకు నేనంటే సరిపడదు" అన్నాను ఒకసారి సుబ్బులుతో.

"మామ ఇంకెవురితోనైనా అన్ని మాటలు మాట్లాడేది చూసినావా నువ్వు?" అని నవ్వింది.

ఆ ఏడు మా చేలో బావి ఎండింది. గొర్రెలు ఖాళీ తొట్టి నాకుతున్నాయి. పొద్దున్నే వేపమండలు తాడుకు కట్టి బావిలోకి దించి, ఎత్తి, లోపలి పాడుగాలిని కదిలించాము. దీపం దించితే ఆరలేదు. దిగాను. కొంతసేపటికి నల్లటి బురదపొర తగిలింది. దాంట్లోంచి లేచిన గాలికి తల తిరిగి పైకి వచ్చేశాను.

నాయన నా కళ్ళలోకి చూశాడు. "పెండ్లాం వండిన సంగటి తిని ఒళ్ళు బరువెక్కినాది నీకు. జరుగు. నేను దిగతా."

"వద్దు నాయనా, రేపు చూద్దాం."

"రేపటిదాకా గొర్రెలు నీ కన్నీళ్ళు తాగతాయా? మోకు జారిందంటే నీ తోలు ఒలుస్తా."

దిగి, మోకు విప్పుకుని పలుగు అందుకున్నాడు. మొదట్లో తిట్లు కిందినుంచి కూడా బాగానే వచ్చాయి. బావి వాటిని రెట్టింపు చేసి పంపింది. నన్ను తిట్టాడు, పలుగును తిట్టాడు, బురదను తిట్టాడు. తర్వాత తిట్లు పలచబడ్డాయి. తర్వాత పలుగు చప్పుడు ఒక్కటే. ఆ తర్వాత అదీ లేదు.

"నాయనా!"

గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. గోడకు ఆనుకుని, తల వాల్చి కూర్చున్నాడు. మోకు కొస ఆయన పక్కనే పడి ఉంది. లాగితే ఉత్త తాడు వస్తుంది. దిగుదామంటే, ఆయనను కూలేసిన గాలి నన్ను వదులుతుందా? పైన లాగడానికి సుబ్బులు ఒక్కతే. చుట్టూ చేలల్లో మనిషి అలికిడి లేదు.

సుబ్బులు వేపమండల తాడు అందుకుని బావిలో పైకీ కిందికీ ఆడించసాగింది. "పిలువు! ఆపొద్దు!" అంది.

"నాయనా! నాయనా!" అంటూనే ఉన్నాను. తల కదలలేదు. అప్పుడు నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఒరేయ్ పెద్దయ్యా! ఎనుబోతా! నిద్రపోయినావా?"

సుబ్బులు బిత్తరపోయి నా వైపు చూసింది. కింద తల కాస్త కదిలింది.

"ఎవుర్రా... నన్ను రా అనేది?"

"నేనే రా! మోకు నడుముకు కట్టు! సోమరిపోతా, గాడిదా, కట్టినావా?"

"కడతాండా..."

"గొంతులో పిల్లి పడుకున్నాదా? గట్టిగా చెప్పు!"

"కట్టినా!"

ఇద్దరం లాగాము. గిలక కీచుమంది. ఊపిరి కోసం నేను తిట్టడం ఆపితే కిందినుంచి జవాబూ ఆగిపోయేది. అందుకని తిడుతూనే లాగాను. తిట్టేకొద్దీ ఆయన తిట్ల అర్థం నాకు తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన అడిగింది ఒక్కటే: ఉన్నావా?

గట్టు మీద పడుకోబెట్టి, తాగడానికి తెచ్చుకున్న ముంతెడు నీళ్ళూ ముఖాన చల్లాము. చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎనుబోతు నేను నేర్పిందే. గాడిద యాడ నేర్చినావు రా?"

సుబ్బులు ఏడుస్తూనే నవ్వింది.

కొన్నాళ్ళు బావికి గాలి ఆడనిచ్చి మళ్ళీ దిగాను. పైన నాయన, చేతిలో మోకు, నోట్లో తిట్లు. పని సాగుతుండగా తిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. నా పలుగూ ఆగింది. తలెత్తి చూస్తే గుండ్రటి ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

"నాయనా, ఉండావా?"

పైనుంచి దగ్గు వినిపించింది.

"యాడికి పోతా రా, ఎనుబోతా? చుట్ట ముట్టించుకోనీయవా!"

మళ్ళీ పలుగు ఎత్తాను.