వరుసలో ముందున్న కాగితం

మైపాడు దారిలోని ఆ రొయ్యపిల్లల హ్యాచరీలో కంప్యూటర్లు మూడు, ప్రింటరు ఒకటి. ముగ్గురు కోడళ్లకి ఒకటే పొయ్యి అన్నమాట. ఊళ్లో వల చేపలకి వేస్తారు, ఇక్కడ కంప్యూటర్లకి వేశారు, నెట్‌వర్క్ అన్నారు. ఆ వల తాడు మాత్రం మేనేజరు సుశీల్ కుమార్ చేతిలో ఉంది. ప్రింటరు ముందుగదిలో అందరి చుట్టంలా కూర్చుని ఉంటుంది గానీ, దాని వైరు గోడ కన్నంలోంచి దూరి ఆయన గదిలోని కంప్యూటరుకే తగులుకుంది. అది మేలుకుంటేనే ఇది ముద్ర, లేకపోతే నిద్ర. కరెంటు పొదుపని చెప్పి ఆయన బయటికి వెళ్లినప్పుడల్లా దాన్ని ఆపి, గదికి తాళం వేసి మరీ పోతాడు.

ఆ రోజు పదకొండింటికి, ల్యాబులో పనిచేసే సాహిరా నాలుగో ట్యాంకు పిల్లలకి పరీక్ష ముగించింది. తెల్లమచ్చ వైరస్: పాజిటివ్. రిపోర్టు కొట్టి ప్రింటు ఇచ్చింది. సుశీల్ కుమార్ నెల్లూరులో ఉన్నాడు. కాఫీ తాగేలోపు కాపీ వస్తుందనుకుంది. భోజనాల వేళ దాటినా రాలేదు. మిగతా పనుల్లో పడి ఆ సంగతే మరిచిపోయింది.

మూడింటికి మేనేజరూ, పిల్లల్ని కొనే రైతు నరసయ్యా ఒకేసారి దిగారు. నరసయ్యది కావలి పక్క. వరి మళ్లని రొయ్యల చెరువు చేసుకున్న మనిషి. పోయిన పంట మొత్తం తెల్లమచ్చకే పోయింది. ఇంకోసారి తగిలితే చెరువూ దక్కదు, చేనూ దక్కదు. అందుకే రిపోర్టు చేతిలో పడితే తప్ప సంచులు బండిలో పడేది లేదని ముందే చెప్పేశాడు. మేనేజరు ఫోనులో పురమాయించినట్టే నాలుగో ట్యాంకు పిల్లలు ఆక్సిజన్ సంచుల్లోకెక్కి వరండాలో సిద్ధంగా ఉన్నాయి.

సుశీల్ కుమార్ ల్యాబులోకి వచ్చి కంప్యూటరు తెర మీద రిపోర్టు చూశాడు. ఆయనకి పేరులో శీలం ఉంది, జేబులో సీలు ఉంది. రెండోదానికే పని ఎక్కువ. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

"రెండో ట్యాంకుది నెగెటివే గదా. అదే దీనికీ వెయ్యి."

"సంచుల్లో ఉండేది నాలుగోదాంట్లో పిల్లలు సార్."

"పిల్లల వీపున నంబర్లు రాసినారా ఏంది? నీకు ఇంకో ల్యాబు యాడ దొరుకుద్దో, అది ఆలోచించుకో."

సాహిరా ఆలోచించింది. ఇంట్లో నెలకి వచ్చే జీతం ఆమెదొక్కటే. పాజిటివ్ చెరిపి నెగెటివ్ పెట్టింది. ప్రింటు ఇచ్చింది. అదీ రాలేదు. తన కంప్యూటరు ఆపి ఉందని గుర్తొచ్చి సుశీల్ కుమార్ తాళం తీయడానికి వెళ్లాడు. ఆ ముసలి యంత్రం లేచి కూర్చోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

అప్పుడు చూసింది సాహిరా. ప్రింటు కోసం కాచుకున్న వాటి జాబితాలో రెండు పేర్లున్నాయి. ఒకటి పొద్దున 11.10ది, రెండోది ఇప్పటి 3.20ది. పొద్దున ఇచ్చిన నిజం ఎక్కడికీ పోలేదు. రేషను కొట్టు ముందు చెప్పులు వదిలినట్టు వరుసలో తన చోటు పట్టుకునే ఉంది. మేనేజరు కంప్యూటరు లేవగానే ముందు వచ్చేది అదే.

ఒక్క నొక్కుతో తీసేయొచ్చు. తీసేస్తే ఉద్యోగం మిగులుతుంది. ఉంచితే నరసయ్య చెరువు మిగులుతుంది.

ల్యాబు కిటికీ అద్దంలోంచి ముందుగదిలోకి చూసింది. నరసయ్య తీర్థానికి పట్టినట్టు రెండు చేతులూ ప్రింటరు ట్రే కింద పట్టి నిలబడి ఉన్నాడు. ఇంకొక్క నిమిషమని గదిలోంచి సుశీల్ కుమార్ కేకేశాడు. ఆమె బాణం గుర్తు మొదటి పేరు మీదే నిలిచింది. చెమటకి మౌసు జారింది. మళ్లీ పట్టుకుంది. బాణాన్ని ఒక మెట్టు కిందికి దించి నొక్కింది. రెండోది మాయమైంది.

ప్రింటరు గొంతు సవరించుకుంది. అప్పటికే సుశీల్ కుమార్ సీలుతో వచ్చేశాడు. ఆయనది మొదట్నించీ ఒకటే పద్ధతి: సీలు ముందు, చూపు తరువాత. కాగితం లాగి, గోడకి ఆనించి ఠప్పున గుద్ది, సంతకం గిలికి నరసయ్య చేతిలో పెట్టాడు. సంచులెక్కించమని బండివాళ్లకి చెయ్యి ఊపాడు.

నరసయ్యకి తెలిసిన ఇంగ్లీషు మాటలు నాలుగో అయిదో. వాటిలో ఒకటి పోయిన పంట నేర్పింది. వేలు పెట్టి ఒక్కో గీతా దిగుతూ ఒకచోట ఆగాడు.

"సంచులు దించండబ్బా," అన్నాడు, గొంతు పెంచకుండానే.

సుశీల్ కుమార్ కాగితం అందుకోబోయాడు. నరసయ్య దాన్ని మడిచి చొక్కా లోపలికి తోసేశాడు. వేరేది వచ్చిందనీ, అసలుది వెనకే వస్తోందనీ మేనేజరు నవ్వుతూ సర్దబోయాడు. అందరూ ప్రింటరు కేసి చూశారు. అది పచ్చ దీపం వెలిగించుకుని ఊరుకుంది.

"ఇంకోటి రాదు సార్," అంది సాహిరా ల్యాబు గుమ్మంలోంచి. "నేనే తీసేసినా. నేను చేసిన పరీక్ష ఇదే."

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. అక్కడ కదిలింది సుశీల్ కుమార్ దవడ ఒక్కటే. తాళంచెవి ఇచ్చి పొమ్మన్నట్టు చెయ్యి చాపాడు. సాహిరా ల్యాబు తాళంచెవి ఆ చేతిలో పెట్టలేదు, ప్రింటరు మీద పెట్టింది. అక్కడ అందరికీ చెందిన వస్తువు అదొక్కటే మరి.

బయట ఎండ ఇంకా దిగలేదు. నరసయ్య బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

"రామ్మా, నెల్లూర్లో దింపుతా. బండి ఖాళీనే గదా."